కీమోలో కౌంట్ పడిపోతే: తేనె, ఇంజెక్షన్, ఆకు రసాలు... దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

రెండో కీమో అయిన పదో రోజు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయిస్తే తెల్లకణాలు 1,800 అని వస్తుంది. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. సాయంత్రానికల్లా సలహాలు కూడా మొదలవుతాయి. అడవి తేనె పరగడుపున నాకించమని ఒకరు, గోధుమ గడ్డి రసం తాగించమని ఇంకొకరు, బొప్పాయి ఆకు దంచి పోస్తే ప్లేట్‌లెట్లు పరుగెత్తుకుంటూ వస్తాయని మరొకరు. డాక్టరేమో ఇంజెక్షన్ రాస్తారు. అది వేయించుకుంటే ఒళ్లు నొప్పులు, పైగా ఖర్చు. తేనె అయితే తియ్యగా ఉంటుంది, సైడ్ ఎఫెక్ట్ ఉండదు కదా అన్న ఆశ సహజమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజెక్షన్ అవసరమైన చోట తేనె దానికి బదులు కాదు. ఇంజెక్షన్ అవసరం లేని చోట తేనె తిన్నా తినకపోయినా కౌంట్ చాలామందిలో దానంతట అదే లేస్తుంది. అలాగని తేనె మీద పరిశోధనే జరగలేదు, అంతా వాట్సాప్ పుకారు అని కొట్టిపారేయడమూ సరికాదు. జరిగింది. అందులో ఏం తేలిందో, ఎంతవరకు నమ్మొచ్చో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

ముందు పడింది ఏ కౌంటో చూడండి

"కౌంట్ పడిపోయింది" అని అందరం ఒకే మాటగా అంటాం గానీ రిపోర్ట్‌లో చూడాల్సినవి మూడు. వేగంగా విభజన చెందే కణాల్ని కీమో మందు దెబ్బతీస్తుంది. రక్తకణాలు పుట్టే ఎముక మూలుగలో జరిగే పనే అది కాబట్టి మూడు రకాల కణాలూ తగ్గుతాయి. కాకపోతే ఒకేసారి తగ్గవు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ రక్తంలో ఎక్కువ కాలం బతకవు, అందుకే అవి ముందు పడతాయి. సాధారణంగా కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య అడుగుకు చేరి, తర్వాతి సైకిల్, అంటే తర్వాతి విడత కీమో, నాటికి చాలావరకు కోలుకుంటాయి. ప్లేట్‌లెట్లు బతికేది 8 నుంచి 10 రోజులు. ఎర్రకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి హిమోగ్లోబిన్ ఒక్కసారిగా కాకుండా సైకిల్ సైకిల్‌కీ మెల్లగా దిగుతుంది.

ఇది తెలియకపోవడం వల్లే "ఫలానాది తాగించాం, వారంలో కౌంట్ పెరిగింది" అన్న కథలు పుడతాయి. పదో రోజు మొదలుపెట్టి పద్దెనిమిదో రోజు వరకు ఏది తాగించినా కౌంట్ పెరిగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో అది మామూలుగానే పెరుగుతుంది. తాగించినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే తాగకపోతే ఏమయ్యేదో వాళ్లకి తెలియదు.

రిపోర్ట్ చేతికొచ్చాక టోటల్ కౌంట్ ఒక్కటే చూసి ఆగకండి. దాని కింద డిఫరెన్షియల్ కౌంట్‌లో న్యూట్రోఫిల్స్ శాతం ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో పాలిమార్ఫ్స్ అని రాస్తారు. టోటల్‌ని ఆ శాతంతో లెక్కకట్టాలి. టోటల్ 2,200, న్యూట్రోఫిల్స్ 40 శాతం అనుకుందాం. 880 వస్తుంది. దీన్నే డాక్టర్లు ఏఎన్‌సీ అంటారు. ఇంకొకరికి టోటల్ 1,800 మాత్రమే ఉంది, న్యూట్రోఫిల్స్ మాత్రం 70 శాతం. లెక్క 1,260కి వస్తుంది. టోటల్ తక్కువున్నా ఇన్ఫెక్షన్ విషయంలో మొదటి మనిషి కంటే రెండో మనిషే నయం. 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా, 1,000 లోపు జాగ్రత్త పడాల్సిన స్థాయి, 500 లోపు ప్రమాదకరం. ఆ స్థాయిలో ఉన్నప్పుడు జ్వరం వస్తే ఎమర్జెన్సీయే, తెల్లారాక చూద్దాం అనుకునే విషయం కాదు.

తేనె మీద నిజంగా ఏం తేలింది

తేనె అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించే అధ్యయనం ఇజ్రాయెల్‌ది. 2006లో మెడికల్ ఆంకాలజీ అనే జర్నల్‌లో వచ్చింది. అంతకుముందు కీమోలో న్యూట్రోఫిల్స్ బాగా, అంటే నాలుగో గ్రేడ్ స్థాయికి, పడిపోయి కౌంట్ ఇంజెక్షన్లు వేయించుకోవాల్సి వచ్చిన 30 మంది క్యాన్సర్ పేషెంట్లకి తర్వాతి కీమోతో పాటు రోజుకి 5 గ్రాముల తేనె 5 రోజులు ఇచ్చారు. వాళ్లలో 12 మందికి, అంటే 40 శాతానికి, ఈసారి కౌంట్ అలా పడలేదు, ఇంజెక్షన్ అవసరం రాలేదు. 19 మందిలో హిమోగ్లోబిన్ 11 పైనే నిలబడింది. ప్లేట్‌లెట్లు తగ్గింది ముగ్గురికే.

చదవగానే బాగుందనిపిస్తుంది. కానీ మూడు విషయాలు పట్టించుకోవాలి. మొదటిది, తేనె ఇవ్వకుండా పోల్చి చూసిన మరో గుంపు ఇందులో లేదు. ఒకసారి బాగా పడిపోయిన కౌంట్ రెండోసారి అంతగా పడకపోవడం ఏమీ చేయకపోయినా కొందరిలో జరిగేదే. ఆ 12 మందిలో తేనె వల్ల ఎందరు, మామూలుగానే ఎందరు అన్నది ఈ అధ్యయనం తేల్చలేదు. రెండోది, ఆ ఫలితం మిగతా 18 మందికి రాలేదు. మూడోది అసలు కిటుకు. వాళ్లు వాడింది మన షాపుల్లో దొరికే తేనె కాదు. లైఫ్ మెల్ అనే ప్రత్యేక తేనె. తేనెటీగలకి కొన్ని మూలికలు కలిపిన ఆహారం పెట్టి తయారుచేయించినది. అందులో ఏదైనా గుణం ఉంటే అది మూలికలదో తేనెదో తెలియదు. కాబట్టి ఆ 40 శాతం అంకెని పక్క వీధి కిరాణా కొట్టు సీసాకి అంటించడం కుదరదు.

రెండో అధ్యయనం ఈజిప్టుది, 2016లో వచ్చింది. నాకు మొదటిదాని కంటే ఇదే పద్ధతిగా కనిపిస్తుంది. రక్త క్యాన్సర్ ఉన్న 40 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 12 వారాలు తేనె ఇచ్చి, తర్వాత గుంపులు మార్చారు. తేనె తీసుకున్న కాలంలో కౌంట్ తగ్గి జ్వరం రావడం, ఆసుపత్రిలో చేరాల్సి రావడం తగ్గాయని రాశారు. అయితే ఎవరికి తేనె ఇస్తున్నారో తల్లిదండ్రులకీ డాక్టర్లకీ తెలుసు. పిల్లల సంఖ్యా తక్కువే. దారి చూపించే అధ్యయనమే గానీ తీర్పు చెప్పేది కాదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మోతాదు దగ్గర ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాములు. టీస్పూన్ తేనె సుమారు 7 గ్రాములు తూగుతుంది కాబట్టి, అది స్పూను కూడా నిండదు. ఈజిప్టులో పిల్లలకి బరువును బట్టి కిలోకి 2.5 గ్రాముల చొప్పున, వారానికి రెండుసార్లు. 15 కిలోల పిల్లాడికి ఒక్కో విడతకి 37 గ్రాముల పైమాటే, అంటే ఐదు టీస్పూన్లు దాటుతుంది. అదే లెక్క 60 కిలోల పెద్దమనిషికి వేస్తే విడతకి 150 గ్రాములు. అందులో దాదాపు 120 గ్రాములు చక్కెరలే. ఒక్కో విడతలో చూస్తే ఒకరు చెప్పే మోతాదుకీ ఇంకొకరు చెప్పేదానికీ 30 రెట్లు తేడా ఉందన్నమాట. "పరిశోధనల్లో తేలింది, రోజూ రెండు స్పూన్లు తీసుకోండి" అని ఎవరైనా అంటే ఆ రెండు స్పూన్లు ఏ పరిశోధనలోవో అడగండి.

తేనె ఎదురుగా ఇంజెక్షన్

కౌంట్ పెంచే ఇంజెక్షన్ అంటే జీ-సీఎస్ఎఫ్. మన శరీరంలోనే ఉండే ఒక ప్రోటీన్‌ని ల్యాబులో తయారుచేస్తారు. మూలుగలోకి వెళ్లి న్యూట్రోఫిల్స్ తయారీని తొందరపెట్టడమే దాని పని. ఫిల్‌గ్రాస్టిమ్ రకం అయితే రోజుకొకటి చొప్పున కొన్ని రోజులు వేయాలి. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ రకం సైకిల్‌కి ఒక్కటి చాలు, సాధారణంగా కీమో అయిన మర్నాడు, 24 గంటలు గడిచాక వేస్తారు. అమెరికాలో మొదటిదానికి 1991లో, రెండోదానికి 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలు సహా మన దేశీ కంపెనీలే తయారుచేస్తున్నాయి కాబట్టి ధరలో కంపెనీకీ కంపెనీకీ బాగా తేడా ఉంటుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో వైద్యం జరుగుతుంటే ఇది ప్యాకేజీలో కలుస్తుందో లేదో ముందే ఆసుపత్రి డెస్క్‌లో కనుక్కోండి.

దీని మీద ఉన్న ఆధారం ఎంత గట్టిదంటే, 2005లో 928 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లతో చేసిన అధ్యయనంలో, ఎవరికి మందు ఎవరికి ఉత్త ఇంజెక్షన్ అన్నది పేషెంట్లకీ డాక్టర్లకీ తెలియకుండా పోల్చారు. కౌంట్ పడి జ్వరం రావడం ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 17 శాతం, పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ తీసుకున్నవాళ్లలో 1 శాతం. పోలిక లేని 30 మంది ఒక వైపు, ఇది ఇంకో వైపు. ఈ రెండూ "రెండు ప్రత్యామ్నాయాలు" అని చెప్పడం నాకైతే నోరు రాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నడుము, తుంటి, తొడ ఎముకల్లో నొప్పి చాలామందికి వస్తుంది. మూలుగ గట్టిగా పనిచేస్తున్నందుకు వచ్చే నొప్పే అది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇంకో సంగతి, ఇది అందరికీ అవసరం లేదు. కౌంట్ పడి జ్వరం వచ్చే అవకాశం 20 శాతం దాటే కీమోలకి మొదటి సైకిల్ నుంచే వేస్తారు. 10 నుంచి 20 శాతం మధ్య అయితే వయసు, అంతకుముందు జరిగిన కీమో, ఇతర జబ్బులు చూసి నిర్ణయిస్తారు. అంతకంటే తక్కువైతే మామూలుగా వేయరు. "పక్క బెడ్డావిడకి వేశారు, మాకు వేయలేదు" అని బాధపడాల్సిన పని లేదు, ఆవిడ కీమో మందు వేరై ఉంటుంది. "మా డాక్టర్ వేయలేదు కదా, మరి తేనె అయినా ఇస్తాం" అనేవాళ్లకి కూడా అదే జవాబు. వేయలేదంటే ఖాళీ వదిలేశారని కాదు, మీ కీమోకి అవసరం పడలేదని.

హిమోగ్లోబిన్‌కి, ప్లేట్‌లెట్లకి

తేనెలో ఐరన్ ఉంటుందని చాలామంది నమ్మకం. 100 గ్రాముల్లో ఉండేది అర మిల్లీగ్రాము లోపే. ఒక స్పూనులో లెక్కలోకి రానంత. మన దేశంలో ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకి 19 కావాలని ఐసీఎంఆర్ చెబుతుంది. 100 గ్రాముల సజ్జల్లో 6 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. రక్తం పట్టాలంటే తేనె స్పూను కంటే సజ్జ రొట్టె ఎన్నో రెట్లు మేలు. లివర్ తినే అలవాటు ఉంటే, బాగా ఉడికించి పెట్టినది ఇంకా మేలు.

అసలు కీమోలో హిమోగ్లోబిన్ తగ్గడానికి ఐరన్ లోపం ఒక్కటే కారణం కాకపోవచ్చు. మూలుగ నెమ్మదించడం, బీ12 తక్కువవడం, లోపల ఎక్కడో రక్తం పోవడం, ఏదైనా కావచ్చు. ఐరన్ పరీక్షలు చేయించి, లోపం ఉందని తేలితే మాత్రలో, సెలైన్‌లో ఎక్కించే ఐరనో ఇస్తారు. హిమోగ్లోబిన్ సుమారు 7 లేదా 8 లోపుకి పడిపోతే, ఆయాసం వస్తే రక్తం ఎక్కిస్తారు. మెడికల్ షాపులో అడిగి రక్తం పట్టే మల్టీవిటమిన్ తెచ్చుకోవడం మాత్రం వద్దు. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. క్యాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్లలో అది మందు విషప్రభావాన్ని పెంచగలదు, విరేచనాలు, నోటిపూత ముదురుతాయి. విటమినే కదా అని చెప్పకుండా వాడేది ఇలా ఎదురు తిరుగుతుంది.

ప్లేట్‌లెట్ల విషయంలో తేనె గురించి మాట్లాడటానికి పెద్దగా ఏమీ లేదు. 10,000 లోపుకి పడితే రక్తస్రావం లేకపోయినా ఎక్కించడం మామూలు పద్ధతి. అంతకంటే పైన ఉంటే గమనిస్తూ ఉంటారు. మెత్తని బ్రష్, నొప్పులకి ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోకపోవడం, ఇంట్లో చేయగలిగింది ఇదే.

తేనెకి పోటీగా చెప్పేవి

గోధుమ గడ్డి రసం మీద కూడా ఇజ్రాయెల్‌లోనే ఒక చిన్న అధ్యయనం జరిగింది, 2007లో. 60 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు. రోజూ 60 మిల్లీలీటర్ల రసం తాగినవాళ్లలో కీమో డోసు తగ్గించాల్సి రావడం, ఇంజెక్షన్ల అవసరం తక్కువగా కనిపించాయి. ఇక్కడ తాగనివాళ్లతో పోలిక ఉంది కాబట్టి కాగితం మీద ఇది లైఫ్ మెల్ తేనె అధ్యయనం కంటే ఒక మెట్టు పైనే. అయినా ఇంట్లో చేయమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ట్రేలో తడి మట్టిలో పెంచిన గడ్డి, పచ్చిగా పిండిన రసం. వేళ్ల దగ్గర తెల్లగా బూజు పట్టడం పెంచినవాళ్లందరికీ తెలుసు. ఉడికించని ఆ రసాన్ని న్యూట్రోఫిల్స్ 500 ఉన్న మనిషికి పోయడమంటే ఏ కారణంతో తాగిస్తున్నామో దానికే ఎసరు పెట్టడం. తేనె, గడ్డి రసం రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే అంటే నేను తేనె వైపే మొగ్గుతాను, అదీ కేవలం ఈ శుభ్రత లెక్కతో.

బొప్పాయి ఆకు డెంగీ రోజుల నుంచి మనకి అలవాటు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడే కారణం వేరు, వైరస్ తీవ్రత తగ్గాక కొద్ది రోజుల్లోనే అవి లేస్తాయి. కీమోలో దెబ్బ తగిలింది మూలుగకి. అక్కడ పనికొచ్చిందని ఇక్కడా పనికొస్తుందనుకోవడానికి ఆధారం లేదు. పైగా ఆ చేదుకి, కీమో వికారానికి తోడై, తిన్న నాలుగు ముద్దలు కూడా బయటికొస్తాయి. వాంతులైతే తిండి పోతుంది, నీరసం పెరుగుతుంది. ఇది జాబితాలోంచి తీసేయొచ్చు.

లేహ్యాలు, "ఇమ్యూనిటీ" పొడులు తేనెలో కలిపి అమ్మేవి చివరి రకం. వీటిలో నాకు ఉన్న అభ్యంతరం తేనె గురించి కాదు, తేనెలో కలిసినవాటి గురించి. పది పదిహేను మూలికలుంటాయి. కీమో మందుల్లో చాలావాటిని విరిచేది లివరే, మూలికలు ఆ పనిని అటో ఇటో మార్చగలవు. భస్మాలు కలిసినవైతే సీసం, పాదరసం భయం కూడా ఉంది. ఎవరైనా తెచ్చి ఇస్తే కాదనలేకపోతే తీసుకుని పక్కన పెట్టండి. సీసా మీది పదార్థాల జాబితాని ఫోనులో ఫొటో తీసి తర్వాతి ఓపీకి వెళ్లినప్పుడు డాక్టర్‌కి చూపించండి. సరే అన్నాకే మూత తీయండి.

తేనె తినాలనే ఉంటే, ఏ తేనె?

డాక్టర్ సరే అన్నారు, పేషెంట్‌కి తినాలని ఉంది. అప్పుడు ఏది కొనాలి? చాలామంది ఇచ్చే జవాబు అసలుసిసలు అడవి తేనె. మామూలు మనిషికైతే నేనూ అదే అంటాను. కీమోలో ఉన్న మనిషికి మాత్రం అది చివరి ఎంపిక.

పట్టు పిండి తీసిన తేనెని వెలుతురులో పెట్టి చూడండి. మైనం ముక్కలు, పుప్పొడి, ఒక్కోసారి ఈగ కాళ్లు, రెక్కలు కూడా కనిపిస్తాయి. నీటి శాతం ఎక్కువుంటే పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు, పిండిన తేనెని ఎవరూ కొలవరు. తేనెలో క్లాస్ట్రీడియం బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించవద్దని చెప్పేది అందుకే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల పేగులు వాటిని మొలకెత్తనివ్వవు. కీమో, యాంటీబయాటిక్స్ రెండూ కలిసి పేగుల్ని అతలాకుతలం చేసిన సమయంలో ఆ ధీమా అంతగా ఉండదు. అందుకే కౌంట్ తక్కువున్నవాళ్లకి, ముఖ్యంగా బోన్ మ్యారో మార్పిడి జరిగినవాళ్లకి పచ్చి తేనె వద్దని ఆసుపత్రుల ఆహార సూచనల్లో రాస్తారు. వేడి చేసి వడకట్టిన తేనెలో ఈస్ట్ లాంటివి చస్తాయి గానీ ఆ బీజాలు ఆ వేడికి చావవు. కాబట్టి మార్పిడి పేషెంట్లకి ప్రాసెస్ చేసిన తేనె కూడా డాక్టర్ అనుమతి లేకుండా వద్దు.

బ్రాండెడ్ సీసాల సమస్య వేరు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఢిల్లీ స్వచ్ఛంద సంస్థ 13 బ్రాండ్ల తేనెని, మామూలు పరీక్షలకి దొరకని కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్షకి పంపిస్తే గట్టెక్కినవి మూడే. చక్కెర పాకాన్ని మామూలు పరీక్షలకి దొరకకుండా కలుపుతున్నారని వాళ్లు చెప్పారు. కంపెనీలు ఒప్పుకోలేదనుకోండి. నీళ్లలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం లాంటి ఇంటి పరీక్షలతో ఈ కల్తీ బయటపడదు. గిరిజన సహకార సంస్థ తేనె మన రెండు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది, కొండల్లో సేకరించేవాళ్ల దగ్గర కొని వడకట్టి సీసాల్లో నింపుతుంది. కల్తీ భయం ఉన్నవాళ్లు ఇటు చూడొచ్చు, అయితే అడవి తేనె కాబట్టి పైన చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపించే మనూకా తేనె సంగతి. న్యూజిలాండ్‌ది, వేలల్లో ధర. సీసా మీద ఎంజీవో, యూఎంఎఫ్ అని అంకెలుంటాయి. అవి బాక్టీరియాని చంపే శక్తిని సూచించేవి, పుండ్ల మీద పూతకి సంబంధించినవి. ఎముక మూలుగతో వాటికి సంబంధం లేదు. ఎంజీవో 400 తింటే కౌంట్ 400 పెరగదు. గామా కిరణాలతో శుద్ధి చేసిన మెడికల్ గ్రేడ్ తేనె కూడా ఉంది, అది గాయాలకి కట్టు కట్టడానికి, స్పూనుతో తినడానికి కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడే. ఆ రెండు మూడు రోజులు షుగర్ ఎలాగూ ఎగబాకుతుంది. తేనె చక్కెర కాదు, ప్రకృతిసిద్ధం అన్న మాట గ్లూకోమీటర్‌కి తెలియదు. ఒక టీస్పూన్ అంటే దాదాపు 6 గ్రాముల చక్కెర. అలాగని "తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుంది" అని ఏమీ తిననివ్వకుండా పస్తు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. బరువు తగ్గిపోతున్న మనిషికి ఏ రూపంలో శక్తి అందినా మంచిదే.

తేనెకి నిజంగా చోటున్న చోటు

రక్తకణాల విషయంలో తేనెకి అంత మార్కులు ఇవ్వలేదు గానీ, నోటిపూత దగ్గర కథ వేరు. తల, మెడ క్యాన్సర్లకి రేడియేషన్, లేదా రేడియేషన్‌తో పాటు కీమో తీసుకునేవాళ్లలో నోటిపూత రాకుండా తేనెని నోట్లో తిప్పి మింగడాన్ని అంతర్జాతీయ నిపుణుల బృందం ఎంఏఎస్‌సీసీ తన 2020 మార్గదర్శకాల్లో సూచనగా చేర్చింది. గట్టి సిఫారసు కాదు, సూచన స్థాయి. బ్రిటన్‌లో మనూకాతో చేసిన ఒక అధ్యయనంలో లాభం కనబడలేదు కూడా. అయినా గుట్కా, పొగాకు వల్ల నోటి క్యాన్సర్లు ఇన్ని చూస్తున్న మన దగ్గర ఇది పనికొచ్చే సమాచారం. మీ ఇంట్లో పేషెంట్‌కి నోటి రేడియేషన్ జరుగుతుంటే రేడియేషన్ డాక్టర్‌ని తేనె గురించి అడగండి. పళ్లు పుచ్చే ప్రమాదం ఉంది కాబట్టి తర్వాత నీళ్లతో పుక్కిలించడం గురించి కూడా కనుక్కోండి.

మరి మీ ఇంటికి ఏది?

ఏఎన్‌సీ 1,000 పైన ఉంది, జ్వరం లేదు, షుగర్ లేదు, పేషెంట్‌కి నోరు చప్పగా ఉండి ఏదీ సయించడం లేదు అంటే, డాక్టర్‌కి ఒక మాట చెప్పి ప్రాసెస్ చేసిన తేనె ఒకటి రెండు స్పూన్లు జావలోనో, గోరువెచ్చని పాలలోనో వేసి ఇవ్వండి. ఇది తిండి కోసం, కౌంట్ కోసం కాదు. కౌంట్ పెరిగితే దాని వల్లేనని పక్కింటివాళ్లకి చెప్పకండి, వాళ్లు ఇంజెక్షన్ మానేస్తారు.

ఏఎన్‌సీ 500 దగ్గర్లో ఉంటే తేనె, పచ్చి రసాలు, కోసి పెట్టిన పళ్లు, బయటి చట్నీలు అన్నీ ఆపేసి వేడివేడిగా వండిన అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు మీద నడిపించండి. డాక్టర్ ఇంజెక్షన్ రాస్తే ఆ రోజే వేయించండి. డబ్బు ఇబ్బందిగా ఉంటే దాచకుండా చెప్పండి. తక్కువ ధర కంపెనీది రాయడమో, తర్వాతి కీమోని వారం వెనక్కి జరపడమో, డోసు తగ్గించడమో చేస్తారు. చెప్పకుండా మానేసి తేనె మీద ఆధారపడితే వాళ్లకి ఆ దారులేవీ చూపించే వీలుండదు.

గతసారి కౌంట్ పడి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు తర్వాతి సైకిల్‌కి ముందే ఒక ప్రశ్న అడగాలి: "ఈసారి మర్నాడే పెగ్ ఇంజెక్షన్ వేస్తారా?" ఇజ్రాయెల్ తేనె అధ్యయనంలో చేరినవాళ్లు సరిగ్గా ఇలాంటివాళ్లే, కాబట్టి తేనె ప్రచారం ఎక్కువగా తగిలేది కూడా వీళ్లకే. వీళ్లకే ఇంజెక్షన్ అవసరం అందరికంటే ఎక్కువ.

లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈజిప్టు అధ్యయనం చదివి ఇంట్లో మొదలుపెట్టొద్దు. పిల్లల ఆంకాలజిస్ట్‌కి ఆ అధ్యయనం గురించి చెప్పి, వాళ్ల అభిప్రాయం అడగండి. ఏడాది లోపు పాపాయికి అయితే ఆ చర్చే లేదు, వద్దు.

తేనె సీసాకి పెట్టే డబ్బులో మొదట ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. కౌంట్ అడుగున ఉండే రోజుల్లో చలి అనిపించినా, ఒళ్లు వెచ్చగా తోచినా వెంటనే చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరినా, దాటినా పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకండి. మాత్రకి జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. రాత్రి రెండైనా కీమో జరిగిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. క్యాజువాల్టీలో అడుగు పెట్టగానే "కీమో పేషెంట్, చివరి కీమో ఫలానా తేదీన, జ్వరం ఇంత" అని చెప్పండి. యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. క్యూలో కూర్చోమంటే ఆ మాటే మళ్లీ గట్టిగా చెప్పండి.